కోటకు కావలి కాచినవారు
(ప్రసంగ పాఠం)

గుంతకల్లు నుంచి రేణిగుంట వైపు రైలులో పోయేవారికి, గుత్తి దగ్గరపడగానే కిటికీలోనుంచి ఒక పెద్ద రాతికొండ కనబడుతుంది. చుట్టూ మెట్టనేల. వేరుసెనగ చేలు, కంది సాళ్ళు, అక్కడక్కడ తుమ్మచెట్లు. ఆ నేల మధ్యనుంచి రమారమి వేయి అడుగుల ఎత్తున నిట్టనిలువుగా లేచిన కొండ అది. దాని నడుము చుట్టూ కోటగోడలు, శిఖరం మీద శిథిలమైన కట్టడాలు. బుక్కరాయల కాలపు శాసనమొకటి ఈ దుర్గాన్ని దుర్గాలకు రాజుగా వర్ణించినది. చాళుక్యుల నాటి శాసనాలు కూడా ఆ కొండమీద ఉన్నవి. అనంతపురం జిల్లాలో చరిత్రను కంటితో చూడదలచినవారు మొదట ఎక్కవలసిన కొండ ఇదే.

ఆకాశవాణి పనిమీద మేము ఆ కొండ ఒకటికి నాలుగుసార్లు ఎక్కినాము. ఒకసారి కొందరు హైస్కూలు పిల్లలు కూడా మాతో వచ్చినారు. ఎండ ముదరకముందే పైకి చేరవలెనని తెల్లవారుజామునే బయలుదేరినాము. ఒక్కొక్క వాకిలి దాటుతూ, రాతిలో తొలిచిన నీటిగుండాలు చూచుకొంటూ, చివరకు మురారిరావు గద్దె అని చెప్పుకొనే చోటికి చేరినాము. లోయ అంచున కట్టిన చిన్న మంటపం అది. మరాఠా నాయకుడు మురారిరావు ఘోర్పడే అక్కడ కూర్చుండి చదరంగం ఆడేవాడనీ, దోషులను ఆ అంచునుంచి కిందికి తోయించేవాడనీ అక్కడి జనం చెప్పుకొంటారు. పిల్లలు నోళ్ళు తెరుచుకొని విన్నారు.

దిగివచ్చేటప్పుడు వారిలో ఒక బాలుడు బురుజు గోడమీద చెయ్యి వేసి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగినాడు. “సార్, రాజు గద్దెమీద కూర్చున్నాడు సరే. రాత్రంతా ఈ గోడమీద నిలబడి కావలి కాచినవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లేమి?”

మేము పట్టభద్రులమే, ఈ జిల్లా చరిత్ర కొంత చదివినవారమే. అయినా ఆ బాలునికి జవాబు చెప్పలేకపోయినాము. రాజుల పేర్లు తెలుసు, దండనాయకుల పేర్లు తెలుసు. కావలివాని పేరు ఒక్కటి కూడా మాకు తెలియదు. ఆ ప్రశ్న చాలాకాలం మమ్మల్ని వదలలేదు. ఇటువంటి ప్రశ్ననే పట్టుకొని ఉద్యోగ జీవితమంతా దానికి జవాబు చెబుతూ వచ్చిన ఒక వ్యక్తి సంగతి తరువాత మేము చదివినాము. ఆయనది మన దేశం కాదు. ఆయన పని మాత్రం మనకు కావలసినదే. అందుచేత శ్రోతలను ముందు కొంతసేపు దూరదేశం తీసికొని పోవలసి ఉన్నది. మళ్ళీ గుత్తి కొండ దగ్గరకే వస్తాము.

అమెరికా పడమటి దిక్కున కాలిఫోర్నియా రాష్ట్రంలో యోసెమిటీ అనే లోయ ఉన్నది. ఎత్తైన రాతికొండలు, జలపాతాలు, వందల సంవత్సరాల వయస్సుగల మహావృక్షాలు అక్కడి ఐశ్వర్యం. 1890లో ఆ దేశపు శాసనసభ ఆ ప్రాంతాన్ని జాతీయోద్యానంగా ప్రకటించినది. ఎవరూ చెట్టు కొట్టరాదు, మృగాన్ని వేటాడరాదు, మంద మేపరాదు. దేశ ప్రజలందరికీ చెందిన సొత్తుగా దానిని కాపాడవలెను. మనకు అడవిశాఖలో రేంజరు ఉన్నట్లే అక్కడి ఉద్యానాలలోనూ రేంజర్లు ఉన్నారు. అయితే అక్కడి రేంజరుకు కాపలాతోపాటు ఇంకొక విధి కూడా ఉన్నది. చూడవచ్చిన ప్రజలకు ఆ చోటు కథ, ఆ చోటనే నిలబడి చెప్పటం. ఆ పనికే ప్రత్యేకించి నియమించబడిన రేంజర్లు కూడా కలరు.

షెల్టన్ జాన్సన్ అటువంటి రేంజరు. మోటారుకార్ల కర్మాగారాలకు పేరుపడిన డిట్రాయిట్ నగరంలో పుట్టిన నల్లజాతివాడు. యోసెమిటీలో పనిచేస్తున్న కాలంలో ఒకనాడు అక్కడి గ్రంథాలయంలో పాత ఛాయాచిత్రాలు చూస్తుండగా ఒక పటం ఆయన కంటబడినది. అది 1899వ సంవత్సరంలో తీసినది. అందులో గుర్రాలెక్కి వరుసగా నిలిచిన సైనికులు ఉన్నారు. వారందరూ నల్లజాతివారు. కింద 24వ పదాతి పటాలమని రాసి ఉన్నది. ఆ ఉద్యానానికి తొలి సంరక్షకులలో తన జాతివారు ఉన్నారన్న సంగతి అక్కడికి వచ్చే జనానికి తెలియదు. ఆయనకూ అంతవరకు తెలియదు. తన తాత ముఖం మొదటిసారి చూచినవాని వలె ఆయన ఆ పటాన్ని చూచి ఉంటాడని మేము అనుకొంటాము.

ఆ సైనికులెవరో కొంచెం చెప్పుకొందాము. అమెరికాలో బానిసత్వం కారణంగా జరిగిన అంతర్యుద్ధం 1865లో ముగిసినది. మరుసటి సంవత్సరం, 1866లో, శాసనసభ నల్లజాతి సైనికులతో 6 పటాలాలు ఏర్పాటుచేసినది. అందులో 9వది, 10వది ఆశ్విక పటాలాలు. మిగిలిన 4 పదాతి పటాలాలను 1869లో కలిపి 24, 25 సంఖ్యలుగల రెండు పటాలాలుగా మార్చినారు. ఆ గుర్రపు రౌతులలో చాలమంది నిన్నటివరకు ఇతరుల పొలాలలో సంకెళ్ళమధ్య పనిచేసినవారు. నెలకు 13 డాలర్ల జీతం, ఒక నీలికోటు, ఒక గుర్రం. అంతకుముందు తమ దేహానికే తాము యజమానులు కానివారికి అది చిన్న సంగతి కాదు. పడమటి మైదానాలలోని ఆదివాసులు వారిని బఫెలో సోల్జర్లని పిలిచినారట. ఆ పేరు వారికి అట్లాగే నిలిచిపోయినది.

ఇక్కడ ఒక చేదునిజం కూడా చెప్పవలసి ఉన్నది. ఆ పటాలాలను ప్రభుత్వం మొదట ఉపయోగించినది ఆదివాసులను వారి నేలనుంచి తరమటానికే. యోసెమిటీ లోయలో కూడా అంతకుముందు ఆదివాసులు నివసించేవారు. 1851లోనే ఆయుధబలంతో వారిని వెళ్ళగొట్టినారు. బానిసత్వం నుంచి బయటపడినవాడు మరొకని ఇంటిమీదికి తుపాకి పట్టుకొని పోవలసివచ్చినది. కడుపుకూటికి సైన్యంలో చేరినవాని బ్రతుకులో ఇటువంటి చిక్కు ఏ దేశంలోనైనా ఉన్నదే. కావలివాని కథ చెప్పదలచినవారు అతనిని దేవుణ్ణి చేయనక్కరలేదు. మనిషిగా నిలబెట్టితే చాలు.

ఉద్యానాలకు ప్రత్యేక శాఖ 1916లో గాని ఏర్పడలేదు. అంతకుముందు, 1891 మొదలు 1914 వరకు, యోసెమిటీని కాచినది సైన్యమే. శాన్ ఫ్రాన్సిస్కో కంటోన్మెంటునుంచి ఏటా వేసవి ముందు గుర్రాలమీద బయలుదేరి, రెండు వారాల ప్రయాణం చేసి వారు అడవి చేరేవారు. 1899లో 24వ పదాతి పటాలమువారు, 1903, 1904 సంవత్సరాలలో 9వ ఆశ్విక పటాలమువారు అట్లా వచ్చినారు. అక్కడా, సమీపంలోని సెకోయా ఉద్యానంలోనూ కలిపి రమారమి 500 మంది నల్లజాతి సైనికులు పనిచేసినట్లు లెక్క. కార్చిచ్చు ఆర్పటం, దొంగ వేటగాండ్లను పట్టటం, కలప దొంగలను తరమటం, దారులు వేయటం వారి పనులు.

అన్నిటికంటె పెద్ద తగవు గొర్రెలమందలతో వచ్చేది. మన జిల్లాలో కురుబ సోదరులు ఎండాకాలం మేతకోసం మందలను ఎంతదూరం తోలుకొని పోతారో మనకు తెలుసు. అక్కడి కాపరులు కూడా వేలాది గొర్రెలను కొండలమీదికి తోలేవారు. మంద నడిచిన చోట గడ్డి వేరుతో సహా పోయేది. చట్టం మేపరాదన్నదే గాని, మేపినవానికి తగిన శిక్ష అందులో లేదు. సైనికులు ఒక ఉపాయం కనిపెట్టినారు. కాపరిని పట్టుకొని ఉద్యానానికి ఒక ఎల్లలోనుంచి బయటికి పంపేవారు. గొర్రెలను దానికి ఎదుటి ఎల్లలోనుంచి తోలేవారు. కాపరి కొండలు చుట్టివచ్చి మందను కలుసుకొనేటప్పటికి రోజులు గడిచేవి, మంద చెదిరిపోయేది. అటువంటివాడు మరుసటి ఏడు రావటానికి వెనుకాడేవాడు. కాపరి కడుపుకొట్టిన పనేగదా అని మన కురుబలు అనవచ్చును. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అయితే నేటి ఆ పచ్చికబయళ్ళు మిగిలినది ఆ ఉపాయం వల్లనే అన్నది కూడా నిజం.

ఆ రౌతుల అధికారులలో ఒకని పేరు ప్రత్యేకంగా చెప్పవలెను. ఛార్లెస్ యంగ్ 1864లో కెంటకీ రాష్ట్రంలో బానిస కుటుంబంలో పుట్టినాడు. 1889లో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో ఉత్తీర్ణుడైనాడు. నల్లజాతివారిలో ఆ పట్టం పొందినవారిలో ఆయన మూడవవాడు. 1903 వేసవిలో కాప్టెన్ హోదాలో సెకోయా ఉద్యానానికి తాత్కాలిక పర్యవేక్షకుడుగా వచ్చినాడు. జాతీయోద్యానానికి అధికారి అయిన మొదటి నల్లజాతివాడు ఆయనే. మహావృక్షాల వనానికి బండి పోయే బాట అప్పటికి లేదు. కొన్నేళ్ళుగా సాగుతూ ఉన్న ఆ బాటను ఆయన మనుషులు ఆ ఒక్క వేసవిలోనే పూర్తిచేసినారు. అంతకుముందు మూడు సంవత్సరాలలో జరిగిన పనికంటె ఆ ఏడు జరిగిన పని ఎక్కువ. అక్కడివారు సంతోషించి ఒక మహావృక్షానికి ఆయన పేరు పెట్టుతామన్నారు. ఆయన ఒప్పుకొనలేదు. ఇరవై ఏళ్ళ తరువాత కూడా మీకు అట్లాగే తోచితే అప్పుడు పెట్టండి అన్నాడట. ఆ ఇరవై ఏళ్ళు నిండకముందే, 1922లో, ఆయన ఆఫ్రికాలో మరణించినాడు. చెట్టుకు ఆయన పేరు 2004లో గాని పెట్టలేదు. ఇరవై ఏళ్ళ గడువు నూరేళ్ళయినది.

1904లో యోసెమిటీలోని సైనికులు మొక్కలకూ చెట్లకూ పేర్లు రాసిన పలకలు తగిలించి, నడవటానికి బాటలు వేసి ఒక వృక్షవనాన్ని సిద్ధంచేసినారు. అమెరికా ఉద్యానాలలో ప్రజల విజ్ఞానం కోసం ఏర్పడిన తొలి ప్రదర్శనశాలలలో అది ఒకటి. ఇంకొక చిన్న సంగతి కూడా ఉన్నది. నేటి రేంజర్లు పెట్టుకొనే, నాలుగువైపుల నొక్కిన అంచుటోపీ ఆనాటి సైనికుల టోపీనుంచి వచ్చినదే. క్యూబా యుద్ధంలో వానలకు టోపీమీద నీరు నిలవకుండా సైనికులు దానిని అట్లా నొక్కుకొన్నారని చెబుతారు. టోపీ నిలిచినది. దానిని ముందుగా పెట్టుకొన్నవారిని జనం మరచిపోయినారు.

షెల్టన్ జాన్సన్ ఆ మరపుమీద పనిచేసినాడు. సైనిక దస్తావేజులు వెదకినాడు. పటాలపు హాజరుపట్టీలలోనుంచి పేర్లు ఏరినాడు. ఎవరు ఎక్కడ పుట్టినారు, ఏ వేసవిలో ఏ కొండమీద గస్తీ తిరిగినారు అని విచారించినాడు. ఆ తరువాత తానే ఆనాటి రౌతు వేషం వేసికొని, లోయలో నిలబడి, ఆ సైనికుని నోటితో ఆ కథ చెప్పటం ప్రారంభించినాడు. 2009లో “గ్లోరీలాండ్” అనే నవల వ్రాసినాడు. అదే సంవత్సరం కెన్ బర్న్స్ తీసిన జాతీయోద్యానాల చిత్రమాలలో ఆయన మాటలు దేశమంతా విన్నది. నగరాలలోని నల్లజాతి కుటుంబాలు ఆ అడవులవైపు రావటంలేదే అన్నది ఆయన బాధ. అందుచేత టెలివిజన్‌లో ప్రసిద్ధురాలైన ఓప్రా విన్‌ఫ్రీకి ఉత్తరం వ్రాసినాడు. 2010లో ఆమె యోసెమిటీకి వచ్చి డేరా వేసికొని బసచేసినది. ఆ కార్యక్రమాన్ని లక్షలాది జనం చూచినారు.

ఆయన పట్టుదలలో ఉన్న తత్త్వం మాకు ఇట్లా తోచినది. ఒక చోటును కాచినవారిలో మనవాడు ఒకడు ఉన్నాడని తెలిసిన పిల్లవాడు ఆ చోటుకు చుట్టంగా వస్తాడు. తెలియనివాడు పరాయిగా వస్తాడు, లేదా అసలు రాడు.

నల్లజాతి రౌతుల కథ అమెరికాకే చెందినది కాదు. మన దక్కను పీఠభూమికి కూడా అది కొత్త కాదు. అబిసీనియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి, అహమ్మదునగరు రాజ్యానికి సూత్రధారి అయిన మాలిక్ అంబర్ 1626లో మరణించేవరకు మొగలు సేనలకు కంటిలో నలుసుగా ఉన్నాడు. తేలిక గుర్రపు దండుతో మెరుపువలె కొట్టి మాయమయ్యే యుద్ధవిద్యలో ఆయన దిట్ట.

ఇంకా దగ్గరగా మన తెలుగు నేలమీదనే ఒక ఉదాహరణ ఉన్నది. హైదరాబాదులో మాసాబ్ ట్యాంక్ పక్కన ఏ.సీ. గార్డ్స్ అనే పేట ఉన్నది. ఈ కాలపు యువకులు ఏసీ అంటే చల్లని గాలి యంత్రమని అనుకొన్నా ఆశ్చర్యం లేదు. అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న మాటకు పొట్టిరూపం. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు ఆఫ్రికావారితో ఒక దళాన్ని పోషించినాడు. తరువాత అది నిజాము కొలువులో చేరినది. ఊరేగింపులలో నిజాము వెంట గుర్రాలమీద నడిచిన ఆ సిద్దీ రౌతులను చూచిన వృద్ధులు మొన్నమొన్నటివరకు ఆ నగరంలో ఉన్నారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసినది. ఆ పిదప నిజాము సైన్యంతోపాటు ఆ దళమూ లేకుండా పోయినది. గుర్రాలు పోయినవి, జీతాలు పోయినవి. సైనికుల కుటుంబాలు మాత్రం పాత నివాసాలలోనే ఉండిపోయినవి. వారి మర్ఫా వాద్యం హైదరాబాదు పెండ్లిండ్లలో మ్రోగుతూ ఉన్నది. పెండ్లివారు ఆ మ్రోతకు చిందులు వేస్తారు. అది ఏ సముద్రం దాటి వచ్చినదో, వాయించేవాని తాత ఏ గుర్రమెక్కినాడో అడిగేవారు అరుదు.

ఇప్పుడు గుత్తికి తిరిగివద్దాము. మురారిరావు గుర్రపు దండు 18వ శతాబ్దంలో దక్షిణదేశమంతటా పేరుపడినది. 1751లో ఆర్కాటు ముట్టడిలో చిక్కుపడిన క్లైవుకు సహాయంగా కదిలినది ఆ దండే. అది 6,000 గుర్రాల బలగమని ఆనాటి చరిత్రకారులు వ్రాసినారు. గుర్రాలు మైదానంలో యుద్ధానికి. కోట కాచటానికి కావలసినవారు కాలిబంటులు. ఈ సీమలో పాళెగాండ్లకు బలమైన బంట్లుగా నిలిచినవారు బోయలు. కన్నడంలో బేడరులని పిలువబడే ఆ వీరులు తరువాత హైదరాలీ సైన్యంలో కూడా పేరు పొందినారు.

1775–76 ప్రాంతంలో హైదరాలీ గుత్తిని ముట్టడించినాడు. పేట, కింది కోట ముందుగా పడిపోయినవి. జనం పై కోటకు చేరినారు. ఆ కొండను బలంతో ఎక్కి గెలవటం అసాధ్యం. అయితే రాతిగుండాలలో నీరు తరిగిపోతున్నది. మురారిరావు సంధికి మనుషులను పంపినాడు. సొమ్ము ఇవ్వటానికి ఒప్పందమై, బాకీకి హామీగా ఒక యువకుణ్ణి హైదరాలీ శిబిరంలో ఉంచినారు. హైదరాలీ ఆ యువకునితో ఆదరంగా మాటలు కలిపినాడు. ఆ మాటల సందడిలో యువకుడు, కోటలో 3 రోజులకు మించి నీరు లేనందుననే తమవారు సంధికి ఒప్పుకొన్నారని నోరుజారినాడట. హైదరాలీ ఒక నెపం కల్పించి ముట్టడి మళ్ళీ సాగించినాడు. నీరు లేక కోట లొంగిపోయినది. మురారిరావును కబ్బాళదుర్గంలో ఖైదుచేసినారు. ఆయన అక్కడే మరణించినాడు.

మైసూరు చరిత్ర వ్రాసిన ఆంగ్ల సైనికాధికారి మార్క్ విల్క్స్ వల్ల ఈ కథ మనకు దక్కినది. ఏడాదికి రమారమి 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచే ఈ జిల్లాలో నీరు లేక కోట పడిపోవటం వింత కాదు. కాని ఆ మూడు రోజుల నీరు ఎవరు కొలిచి పోసినారు? మనిషికి ఎన్ని దోసిళ్ళని ఎవరు పంచినారు? గొంతు ఎండుతుండగా గోడమీద ఎవరు నిలబడినారు? ఆ సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. కరువులో బిందె పట్టుకొని బోరుబావి దగ్గర నిలబడిన ఈ జిల్లా తల్లులకు మాత్రం ఆ లెక్క పుస్తకం లేకుండానే అర్థమవుతుంది.

1800లో నిజాము ఈ మండలాలను ఆంగ్లేయ కంపెనీకి దత్తం చేసినాడు. మన్రో దొర ప్రధాన కలెక్టరుగా వచ్చి, రమారమి 80 మంది పాళెగాండ్ల బలాన్ని అణచినాడు. పాళెగాడు పోగానే అతని బంటు కూడా పోవలసివచ్చినది. ఇనాము నేల దొరికినవాడు సేద్యగాడైనాడు. కొందరు ఊరి కావలి, తలారి పనులలో కుదిరినారు. ఏమీ దొరకనివారు అడవుల పాలైనారు. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో మరణించిన మన్రోను మొదట గుత్తి కొండపాదాన సమాధిచేసి, తరువాత మద్రాసుకు తరలించినారు. ఆయన పేరు ప్రతి చరిత్రలోనూ ఉన్నది. ఆయుధం విడిచి నాగలి పట్టిన బంటు పేరు అతని ఇంటివారికి కూడా జ్ఞాపకం లేదు.

అయితే ఈ సీమలో ఒక కావలివాని పేరు నిలిచి ఉన్నది. అది ఎట్లా నిలిచినదో గమనించవలెను. 1893 అక్టోబరులో గుంతకల్లు దగ్గర రైల్వే గేటు కావలివాడు హంపన్న, తెల్ల సిపాయీల బారినుంచి ఇద్దరు స్త్రీలను కాపాడబోయి తుపాకిగుండుకు బలి అయినాడు. నిందితుడైన సిపాయిని మద్రాసులో విచారించి నిర్దోషి అని విడిచిపెట్టినారు. ఆ విషయం అంతటితో అణగిపోవలసినదే. గుత్తిలో న్యాయవాదిగా ఉన్న కేశవపిళ్ళెగారు ఊరకుండలేదు. పత్రికలకు వ్రాసినారు, న్యాయం కోసం పట్టుబట్టినారు. హంపన్నకు స్మారక శిల వెలసినది. హంపన్న సాహసం హంపన్నది. ఆ సాహసం మనదాకా వచ్చినది మాత్రం వ్రాసినవాని వల్ల, చెప్పినవాని వల్ల. కేశవపిళ్ళెగారి వంటివారు లేనిచోట ఎందరు హంపన్నలు మట్టిలో కలిసిపోయినారో!

మన గ్రామాల పొలిమేరలలో, వేపచెట్ల కింద, చెరువు కట్టలమీద వీరగల్లులు నిలిచి ఉన్నవి. శ్రోతలలో అనేకులు వాటిని చూచియే ఉంటారు. రాతిపలకమీద కత్తి దూసిన వీరుడు, కొన్నిటిమీద గుర్రమెక్కిన రౌతు. దానిపైన అప్సరసలు అతనిని తీసికొనిపోతున్న దృశ్యం. అన్నిటికంటె పైన శివలింగం ముందు కూర్చున్న అదే వీరుడు. ఊరి పశువులను తరలించుకొని పోయే దొంగలను ఎదిరించి చనిపోయినవారికి, ఊరికోసం ప్రాణమిచ్చినవారికి పూర్వులు వేయించిన రాళ్ళు అవి. కొన్నిటిమీద శాసనం ఉన్నది, చాలవాటిమీద లేదు. జనం వాటికి పసుపు కుంకుమలు పెట్టి, ఏదో దేవుడని మ్రొక్కుతారు. మ్రొక్కటం మంచిదే. కాని దేవుడైపోయినందువల్ల ఆ వీరుడు మనిషిగా మరుగుపడినాడు. కొన్ని ఊళ్ళలో ఆ రాళ్ళు బట్టలుతుకు బండలైనవి, కాలువమీద పలకలైనవి. అది ఇంకొక విధమైన మరుపు.

మనం చేయవలసినది ఏమి? పెద్ద నిధులు, పెద్ద సంఘాలు అవసరమని మేము అనటంలేదు. గుత్తిలో గాని, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న పెనుకొండలో గాని, కోట దగ్గర ఒక కావలివాడు ఉంటాడు. తాళపుచెవులు అతని దగ్గరే ఉంటవి. వచ్చినవారు దారి అడిగేది అతనినే. అతనికి రాజు కథతోపాటు బంటు కథ కూడా నేర్పితే, మనకు కూడా ఒక షెల్టన్ జాన్సన్ దొరికినట్లే. ఆ కావలివాని ముత్తాత అదే గోడమీద నిలబడి ఉండవచ్చును గదా. బడి పంతుళ్ళు పిల్లలచేత ఊరి వీరగల్లులను లెక్క వేయించి, వాటిమీది బొమ్మలను, అక్షరాలను నోటుపుస్తకంలో దించుకొనేటట్లు చేయవచ్చును. ఇంటిలో ఇనాము పట్టాలు, పాత కాగితాలు ఉన్నవారు వాటిని చెదలపాలు చేయక, చదవగలవారికి చూపించవచ్చును.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ప్రతి కులమువారూ తమ తాత మహావీరుడని చెప్పుకొనే ఈ రోజులలో, లేని వీరులను పుట్టించటం సులభం. యోసెమిటీ రేంజరు వేషం వేసికొన్నా, ముందు హాజరుపట్టీ వెదకినాడు. విన్నదానిని విన్నదని చెప్పవలెను, శాసనంలో ఉన్నదానిని శాసనంలో ఉన్నదని చెప్పవలెను. ఆ రెంటికీ మధ్య గీత చెరపరాదు. మురారిరావు గద్దె కథ జనశ్రుతి. కోట నీరు లేక పడిపోయినదన్నది గ్రంథస్థం. పిల్లలకు రెండూ చెప్పవచ్చును, ఏది ఏదో తెలిసేటట్లు చెప్పవలెను.

ఆ బాలుని ప్రశ్నకు మా దగ్గర ఇప్పటికీ పేర్లు లేవు. కాని మళ్ళీ ఆ కొండ ఎక్కినప్పుడు ఇంతమాత్రం చెప్పగలము. “నాయనా, ఈ గోడమీద నిలబడినవారు మీ ఊళ్ళవారే. బోయలు, కురుబలు, మరాఠాలు, తురకలు. దూరదేశాలనుంచి గుర్రాలతోపాటు వచ్చినవారు కూడా ఉండి ఉంటారు. వారు నీటిని కొలిచి తాగినారు, రాత్రులు మేలుకొన్నారు. వారి పేర్లు ఎవరూ వ్రాయలేదు. వెదకవలసినవాడివి నీవు.”

ఈ ప్రసంగం చదివినవారి ఇండ్లలో ముసలివారు ఎవరైనా ఉంటే, ఈ రాత్రి భోజనాలైన తరువాత రేడియో కొంచెంసేపు ఆపి, తమ తాత ఏ కోటలో, ఏ ఊరిలో, ఏ కావలి కాచినాడో వారిని అడగండి. వారు చెప్పినది తారీఖుతో సహా ఒక కాగితంమీద వ్రాసి పెట్టండి. మా ప్రసంగం పది నిమిషాలలో గాలిలో కలిసిపోతుంది. ఆ కాగితం మీ మనుమల చేతికి అందుతుంది.